పోయొస్త అన్నోని జాగ

హైదరాబాద్,
12 ఫిబ్రవరి 2010

జైనూ,

బతికే ఉన్నాను, తిట్టకు. నెల నుంచి ఉత్తరం లేదని మూతి ముడుచుకుని కూర్చుని ఉంటావని తెలుసు. ఫోను చేద్దామంటే మీ ఇల్లు చూస్తే రెండు గదులు. మనం ఏం మాట్లాడుకున్నా మీ అమ్మి మధ్యలో దూరి "నిరోషకు షాదీ ఎప్పుడంట? అడుగు, అడుగు" అంటుంది. అందుకే ఉత్తరం మేలు. అమ్మికి తెలుగు చదవడం రాదు, నీకేమో ఇంట్లో మాట్లాడే ఉర్దూ రాయడం రాదు. మన అదృష్టం బాగుంది.

అసలు సంగతికొస్తాను. మా ఆఫీసులో బోరు మోటార్లకు ఒక డబ్బా తయారుచేస్తున్నామని చెప్పాను కదా. రైతు ఇంట్లో కూర్చుని ఫోను చేస్తే పొలంలో మోటారు నడుస్తుంది. కరెంటు వస్తే డబ్బానే ఫోను చేసి నోటితో చెబుతుంది. డబ్బా లోపల ఒక భాగం కరెంటును చూస్తుంది, ఒకటి మోటారును నడుపుతుంది, ఒకటి ఫోను, ఇంకొకటి గొంతు. ఒక్కొక్కటి ఒక్కొక్కరు చేసినవి. రేపు వీటిని విప్పి వేరే డబ్బాలో పెట్టినా పనిచేయాలని మా సారు పట్టు. ఎవరు లోపల ఎట్లా పనిచేస్తారన్నది పక్కవాడికి అనవసరం. నన్ను ఏమడగొచ్చు, అడిగితే నేను ఏం చెబుతాను, అది మాత్రం రాసివ్వాలి. ఆ ఒప్పందం రాయడానికి ఒక భాష కావాలి. ఏ భాషలో రాయాలో తేల్చే పని నా నెత్తిన పడింది.

ఇదేదో పెద్ద చదువు అనుకోకు. మన ఊరి బజార్లో రోజూ జరిగేదే. మీ ఇంట్లో ఉర్దూ, మా ఇంట్లో తెలుగు, కంగ్టి నుంచి కందులు తెచ్చే శంకరప్ప నోట్లో సగం కన్నడం. ఎవరింట్లో ఏం వండుకున్నారో ఎవరూ అడగరు, బేరం అర్థమైతే చాలు.

రెండు భాషలు చూసిపెట్టాను. ఒకటి గట్టిది. ప్రతి మాటా ముందే రాసుకోవాలి, రాసుకోని మాట చెవిన పడితే పారేయాలి. రెండోది కొంచెం వదులు. తెలియని మాట వస్తే పారేయకు, విప్పి చూడకు, ఉన్నది ఉన్నట్టు పక్కవాడికి అందించు అంటుంది. రేపు కొత్త భాగం చేర్చినా పాత డబ్బాలను తిరగరాసే పని ఉండదని మా సారుకు రెండోదే ముద్దు. నాకు గట్టిదే నచ్చింది. ఎవరిదో తెలియని మూటను చేతులు మార్చుకుంటూ పోవడం నాకు ఎందుకో మంచిగనిపించదు. నువ్వేమంటావు?

ఇంకో పని ఉంది. మాటల పేర్లు తెలుగులోనే పెడదామని సారును ఒప్పించాను. గొంతు భాగం పలికేది వాటినే కదా. భాగాలు ఒకదాన్నొకటి "ఉన్నవా" అని అడుగుతాయి, "ఉన్న" అని జవాబిస్తాయి. తర్వాత "కరెంటొచ్చింది", "మోటరాగింది". ఒక భాగాన్ని విప్పేటప్పుడు అది చెప్పే చివరి మాట "పోతున్న". ఇంతే. మీ తమ్ముడు జమాల్ గొంతు గంటలా ఉంటుంది, వాడితో చెప్పించి పంపు. మన దిక్కు డబ్బాలు బిగించే పని కూడా వాడికే ఇప్పిస్తాను.

నీ
నిరోష


నారాయణఖేడ్,
3 మార్చి 2010

ఓ హైదరాబాదు దొరసానీ,

నీ మాటలన్నీ పలికించి సీడీ పంపుతున్నాను. ఎన్ని తిప్పలు పడ్డామో వింటే నవ్వుతావు. నా కంప్యూటర్ సెంటరు బస్టాండు ముందే కదా. పిల్లలను బయటికి పంపి, తలుపు వేసి, వెనక ఇంట్లోంచి అమ్మి రజాయిలు తెచ్చి కిటికీలకు కట్టాను. అయినా జమాల్ నోరు తెరవగానే బయట ఏదో ఒక బస్సు హారను కొడుతుంది. వాడు "కరెంటొచ్చింది" అన్నప్పుడల్లా కరెంటు పోయింది, ఒట్టు. వాడు నవ్వీ నవ్వీ ఎక్కిళ్ళు తెచ్చుకున్నాడు.

అన్నీ బుద్ధిగా చెప్పినవాడు చివరి మాట దగ్గర మొండికేశాడు.

"గా మాట నేననను జైనబ్ ఆపా" అన్నాడు.

"ఉత్తగనే అనురా, డబ్బా కోసం" అన్నాను.

"డబ్బా కోసమైతేంది? ఇంట్లకెల్లి బయలెల్లేటోడు ఎవడన్న పోతున్న అంటడా? పోయొస్త అంటడు. మన దాంట్ల జాకే ఆతూఁ అంటం. కంగ్టోళ్ళు హోగి బర్తీని అంటరు. మూడిట్ల ఏ దాంట్లనన్న ఉత్త పోతున్న ఉందా? చూపియ్యి, గప్పుడు అంట."

ఇంతలో చాయ్ తెచ్చిన అమ్మి ఆ మాట విన్నది. కప్పు ఠక్కున బల్ల మీద పెట్టి నన్ను దులిపేసింది. "పిల్లగానితోని మన్‌హూస్ మాటలు పలికిస్తవా? దిమాగ్ ఉందా నీకు? నిరోషకు చెప్పు, గీ ఇంట్ల గసొంటి మాటలు అనరని." కాబట్టి నీ చివరి మాట "పోయొస్త". నువ్వు ఒప్పుకున్నా అదే, ఒప్పుకోకున్నా అదే.

భాష సంగతి అడిగావు. నీ గట్టి భాషతో మన దిక్కు సంసారం నడవదు తల్లీ. మీ అమ్మ నీకు సజ్జ రొట్టెలు మూటకట్టి బస్సు డ్రైవరు చేతికిస్తుంది. ఆయన మూట విప్పి చూస్తాడా? ఇందులో ఏముందో నాకు రాసిస్తే గానీ తీసుకోను అంటాడా? దించమన్న చోట దించుతాడు. నీ రెండో భాష ఆ డ్రైవరు లాంటిది. దాన్నే తీసుకో, మీ సారు కూడా సంతోషిస్తాడు.

జమాల్ అప్పుడే బండి తుడుచుకుని కూర్చున్నాడు. మొదటి డబ్బా సిర్గాపూర్‌లో మీ బాపు బోరుకే పెడతాడట. "నిరోషక్క బాపు ముందు కొబ్బరికాయ కొట్టాలె గద" అంటున్నాడు. కొబ్బరికాయ తన సంచిలోనే పెట్టుకున్నాడు, వాడి సంబరం చూడు.

నీ
జైనబ్


హైదరాబాద్,
20 ఏప్రిల్ 2010

జైనూ,

అక్కాతమ్ముళ్ళిద్దరికీ ఒక దండం. వదులు భాషే ఖాయమైంది. సారు నా భుజం తట్టాడు, నేను మాత్రం అయిష్టంగానే సంతకం పెట్టాను.

మీ "పోయొస్త" నన్ను వారం తిప్పలు పెట్టింది. "పోతున్న" అని ఉంటే పని సులువు. ఆ భాగం పేరు కొట్టేసి దాని జాగా ఇంకొకరికి ఇస్తాం. "పోయొస్త" అన్నవాడి పేరు ఎట్లా కొట్టేస్తాం? వస్తానని చెప్పి పోయాడు కదా! అందుకని వాడి జాగా అట్లాగే ఉంచాలని, మిగతా భాగాలు మధ్యమధ్యలో "ఉన్నవా" అని పిలిచి చూస్తుండాలని రాశాను. "ఎప్పటిదాకా?" అని సారు అడిగాడు. "వచ్చేదాకా సార్" అన్నాను. ఆయన నవ్వాడు. నిజానికి మంచిదే. భాగాన్ని మరమ్మతుకు తీసుకుపోయి మళ్ళీ తెచ్చి పెడితే డబ్బా దాన్ని గుర్తుపట్టి కలుపుకుంటుంది.

ఇంకో నియమం కూడా రాశాను. ఎవరి చివరి మాట వాళ్ళే చెప్పాలి. ఫలానావాడు పోయాడని పక్కవాడు చెప్పడానికి లేదు. లేకపోతే వైరు కొంచెం కదిలినా మంచి భాగాన్ని పోయిందని రాసుకుంటాయి.

మా బాపు డబ్బాతో "ఏంరా జమాలూ, తిన్నవా" అని మాట్లాడుతున్నాడని అమ్మ చెప్పింది. నిజమేనా? నేను ఊరికి ఎన్ని ఫోన్లు చేసినా నాతో రెండు మాటలు మాట్లాడడు ఈ మనిషి.

నీ
నిరోష


నారాయణఖేడ్,
9 ఆగస్టు 2010

నిరోషా,

జమాల్ ఇంకా దొరకలేదు.

నువ్వు ఫోనులో ఏడుస్తుంటే నేను ఊఁ కొట్టి పెట్టేశాను. అమ్మి పక్కనే ఉంది, ఏం చెప్పను? ఇప్పుడు చెబుతాను. ఆ రోజు పొద్దున వాడు సిర్గాపూర్‌లో మీ బాపు సంగప్ప కాక బోరు దగ్గరికి పోయాడు. మీ డబ్బా గొంతు కీచుమంటోందని కాకే పిలిచాడు. గొంతు భాగం విప్పుతుంటే డబ్బా వాడి గొంతుతోనే "పోయొస్త" అన్నదట. వాడు నవ్వి, ఆ భాగాన్ని సంచిలో వేసుకుని, "నేను గూడ పోయొస్త కాకా" అన్నాడట. అక్కడి నుంచి కంగ్టి పోయి ఇంకో డబ్బా చూసుకుని తిరిగొస్తుంటే వాగు పొంగింది. బండి రెండు పొలాల అవతల తుమ్మకంపలో దొరికింది. వాడు దొరకలేదు. సంచీ దొరకలేదు.

మా వాళ్ళంతా వచ్చి ఫాతెహా చదివిద్దామన్నారు. చదివిస్తే పోయాడని ఒప్పుకున్నట్టు. అమ్మి గుమ్మంలో నిలబడి ఒక్కరినీ లోపలికి రానివ్వలేదు. "పోయొస్త అని చెప్పి పోయిండు నా కొడుకు. రాడని చెప్పనీకి మీరెవరు?" అన్నది. పొద్దునా సాయంత్రం వాడి కంచంలో అన్నం పెడుతుంది. ఆ అన్నం చల్లారిపోయాక తను తింటుంది, ఒక్కోసారి అదీ తినదు.

నేను పోయాడనే అనుకుంటున్నాను నిరోషా. ఈ మాట ఇంట్లో అనలేను. నీకు రాస్తున్నాను.

జైనబ్


నారాయణఖేడ్,
6 సెప్టెంబరు 2010

నిరోషా,

ఈ ఉత్తరం స్నేహితురాలిగా కాదు, ఆ డబ్బా చేసిన మనిషిగా చదువు.

మొన్న సంగప్ప కాక సెంటరుకు వచ్చాడు. పిల్లలు పోయేదాకా బయటే నిలబడి, తర్వాత లోపలికొచ్చి, "బిడ్డా, నీకు చెప్పాల్నా వద్దా అని నాలుగు దినాల సంది పరేషాన్ అయితున్న" అన్నాడు. ఏమైంది కాకా అన్నాను. "డబ్బా పలుకుతుంది" అన్నాడు.

పలకడమేంటి? గొంతు భాగం జమాల్ విప్పి తీసుకుపోయాడు కదా. అది వాడితో పాటే వాగులో పోయింది. కాకకు చెవులు సరిగ్గా లేవేమో అనుకున్నాను. అయినా నిన్న మధ్యాహ్నం పోయాను. మంచి ఎండ. కంది చేను మోకాలి ఎత్తు పెరిగింది, చుట్టూ ఒక్క మనిషి లేడు. నేనే మూత తెరిచాను. గొంతు భాగం ఉండాల్సిన జాగా ఖాళీ. అందులో సాలెపురుగు గూడు కట్టుకుంది. కరెంటు వచ్చింది. కరెంటు చూసే భాగం మీద పచ్చ లైటు వెలిగింది. అప్పుడు మూతలో ఉన్న స్పీకరులోంచి వాడు "ఉన్న" అన్నాడు.

డబ్బా అన్నది అని రాయాలి. నా చేయి "వాడు" అనే రాసింది, కొట్టేయబుద్ధి కాలేదు. కాక తలపాగా తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. ఇది ఎట్లా అయిందో చెప్పు. అమ్మికి ఇంకా తెలియదు.

జైనబ్


హైదరాబాద్,
14 సెప్టెంబరు 2010

జైనూ,

భయపడకు. దీనికి కారణం ఉంది.

మన భాష నియమం గుర్తుందా? అర్థంకాని మాట వస్తే పారేయకుండా పక్కవాడికి అందించాలి. పక్కవాడు లేకపోతే వచ్చేదాకా తన దగ్గరే పెట్టుకోవాలి. గొంతు భాగం ఉన్నన్ని రోజులు దాని ముక్కలు కొన్ని ఫోను భాగం దగ్గరికి చేరి ఉంటాయి. మూతలోని స్పీకరు ఫోను భాగానికి కూడా కలిపి ఉంది. మిగతా భాగాలు "ఉన్నవా" అని ఖాళీ జాగాను పిలిచినప్పుడు ఫోను భాగం తన దగ్గర మిగిలిన ముక్కను వినిపిస్తోంది. అంతే. పాత మాటే, కొత్తదేమీ కాదు.

అమ్మికి చెప్పకపోవడమే మంచిది. నువ్వు వేళకు తిను.

నీ
నిరోష


నారాయణఖేడ్,
12 అక్టోబరు 2010

నిరోషా,

అమ్మికి తెలిసిపోయింది. పాపం కాకనే చెప్పాడు, ఆమె ఏడుపు చూడలేక. ఇప్పుడు పొద్దున వంట కాగానే టిఫిను కట్టుకుని ఆటో ఎక్కి సిర్గాపూర్ పోతుంది. బోరు పక్కన గోనెసంచి పరుచుకుని డబ్బాకు ఎదురుగా కూర్చుంటుంది. సాయంత్రం దాకా ఎండలోనే. మీ అమ్మ గొడుగు పట్టుకొచ్చి పక్కన పాతింది, మజ్జిగ తెచ్చిస్తుంది. మీ వాళ్ళ రుణం ఎట్లా తీర్చుకుంటానో తెలియదు.

నీ కారణం నేను నమ్మాను. నిన్నటిదాకా నమ్మాను. నిన్న నేను కూడా పక్కనే ఉన్నాను. కరెంటు లేదు. చిన్న బ్యాటరీ మీద డబ్బా ఊరికే ఉంది. అమ్మి వంగి, మనిషితో మాట్లాడినట్టే, "హై క్యా బేటా?" అని అడిగింది. ఉన్నావా కొడుకా అని. ఆ డబ్బాకు నోరుంది గానీ చెవి లేదు నిరోషా, నువ్వే చేశావు, నీకు తెలుసు. అది "హూఁ అమ్మీ" అన్నది. ఉన్నాను అమ్మీ అని.

వాడు ఆ మాట రికార్డు చేయలేదు. నేనే బటన్ నొక్కాను, నేనే ముక్కలు కోశాను. ఉర్దూలో ఒక్క ముక్క లేదు. చెప్పు ఇప్పుడు, ఇది ఎవరి దగ్గర మిగిలిన మూట?

అమ్మి మాత్రం నవ్వింది. జూలై నుంచి ఇదే మొదటి నవ్వు. ఆ నవ్వు చూసి నాకు ఇంకా భయమేసింది. షుగరు మందులు మానేసింది. పోయిన శనివారం చేనులోనే పడిపోతే దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరు నన్ను తిట్టాడు, ఇట్లాగే అయితే మనిషి దక్కదన్నాడు. మర్నాడు పొద్దున మళ్ళీ టిఫిను కట్టింది! నేను తలుపుకు అడ్డం నిలబడితే, "వాడు అడుగుతడు అమ్మి ఏదని. ఏం చెప్పాలె?" అన్నది.

డబ్బా పీకేయమని కాకను బతిమాలాను. పానా పట్టుకుని పోయాడు, పట్టుకుని తిరిగొచ్చాడు. "పిల్లగాడు ఉన్న అంటుంటె నేనెట్ల పీకుదు బిడ్డా" అని నా ముందు కూర్చుని ఏడ్చాడు. నేను పోయాను, నా చేయీ ఆడలేదు.

పీకినా లాభం లేదని ఇప్పుడు అర్థమైంది. ఊరికే మూగబోతే అమ్మి ఇంకా ఎక్కువ ఎదురుచూస్తుంది, ఆ ఖాళీ డబ్బా ముందే ప్రాణం పెడుతుంది. వాడు చెప్పి పోవాలి. నువ్వు మొదట అనుకున్న గట్టి భాషే పెట్టు. ఆ రోజు మేం కాదన్న మాట కూడా పెట్టు. తమ్ముడు ఎట్లాగూ పోయాడు. అమ్మినైనా నాకు మిగల్చు.

జైనబ్


హైదరాబాద్,
25 అక్టోబరు 2010

జైనూ,

నీకు ఒక సంగతి చెప్పకుండా దాచాను. కోపం తెచ్చుకోకు.

అన్ని డబ్బాలూ మధ్యాహ్నం ఒకసారి ఫోను భాగం ద్వారా మా ఆఫీసు కంప్యూటరుకు "ఉన్న" అని పంపుతాయి. మా బాపు డబ్బా నుంచి వచ్చే "ఉన్న" వెనకాల ఒక మూట వస్తోంది. మన మాటల్లో అది ఏదీ కాదు. ఆగస్టులో చిన్నగా ఉండేది, రానురాను పెద్దదవుతోంది. నీకు ఆ పాత ముక్కల కథ చెప్పేనాటికే అది వస్తోంది. నిన్ను ఊరడించాలని చెప్పలేదు, నాకు కూడా ఆ కథే నమ్మాలని ఉంది. నేను ఆ మూట విప్పలేదు. విప్పకూడదని నియమం రాసింది నేనే కదా అని సారుతో అన్నాను. నిజం ఏంటంటే నాకు ధైర్యం చాలలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఏదో ఒక వంకతో కుర్చీలోంచి లేచి బయటికి పోతున్నాను.

నువ్వు చెప్పినట్టే చేద్దాం. గట్టి భాషలో అన్నీ తిరగరాస్తున్నాను. రాసుకోని మాట అందులో నిలవదు. కానీ ఎవరి చివరి మాట వాళ్ళే చెప్పాలన్న నియమం అందులోనూ ఉంది, అది తీసేస్తే మిగతా డబ్బాలన్నీ కూలుతాయి. వాడి గొంతుతో "పోతున్న" అని వినిపిస్తేనే వాడి జాగా మూతపడుతుంది. వేరే ఎవరి గొంతు పెట్టినా అమ్మి నమ్మదు కూడా. వాడు చెప్పిన మాటల్లోంచే ముక్కలు తీసి అతికిస్తాను. నీకు సమ్మతమేనా? బతికున్నప్పుడు అననన్న మాటను వాడి నోట పెట్టడానికి నాకు చేతులు రావడం లేదు. నువ్వు చెయ్యమంటే చేస్తాను.

నిరోష


నారాయణఖేడ్,
1 నవంబరు 2010

నిరోషా,

చెయ్యి. పాపమైతే నా మీద రాసుకో. అమ్మి రెక్క పట్టుకుంటే ఎముకే తగులుతోంది. జల్దీ చెయ్యి.

జైనబ్


నారాయణఖేడ్,
20 నవంబరు 2010

నిరోషా, నా బంగారం,

నీ చేతులు కళ్ళకద్దుకోవాలని ఉంది. అయిపోయింది. అంతా అయిపోయింది.

బక్రీదు నాడు కూడా అమ్మి ఇంట్లో లేదు, చేనులోనే ఉంది. నిన్న శుక్రవారం నేను సెంటరు మూసేసి తన వెంట పోయాను. జుమ్మా నమాజు వేళ దాటింది. కందులు పూతకొచ్చాయి, చేనంతా పచ్చగా వెలుగుతోంది. కాక గట్టు మీద కూర్చుని బీడీ వెలిగించుకున్నాడు. అమ్మి టిఫిను విప్పి, ఖీమా ఒక పక్కకు తీసిపెట్టి, రోజూ అడిగినట్టే "హై క్యా బేటా?" అని అడిగింది.

అమ్మి మళ్ళీ అడగబోయింది. అప్పుడు వాడు "పోతున్న" అన్నాడు.

కాక చేతిలోంచి బీడీ జారిపడింది. నేను అమ్మిని పట్టుకోవాలని లేచాను, పడిపోతుందేమోనని. పడలేదు. డబ్బా మూత మీద చేయి వేసి, వాడు చిన్నప్పుడు బడికి పోతుంటే తల నిమిరినట్టు నిమిరింది. "జా బేటా. అల్లా కే హవాలే" అన్నది. పో బిడ్డా, అల్లాకు అప్పజెప్పాను అని. కొంగుతో ముఖం తుడుచుకుని, గోనెసంచి దులిపి మడతపెట్టి కాక చేతికిచ్చింది. "మస్తు దినాలు మీ చేన్ల కూసున్న అన్నా, ఇగ రాను" అని చెప్పింది.

ఆటోలో నా భుజం మీద తల పెట్టి పడుకుంది. ఇల్లు చేరాక, "రేపు ఫాతెహాకు చెప్పు, మందిని పిలువు" అన్నది. తర్వాత రెండు రొట్టెలు తిన్నది నిరోషా! అడిగి మరీ తిన్నది, మందు వేసుకుంది. నేను స్నానాల గదిలో నల్లా తిప్పి, ఆ చప్పుడులో తనివితీరా ఏడ్చాను. నా తమ్ముడు పోయాడు. అమ్మ దక్కింది. ఇవాళ ఫాతెహా అయింది, మీ అమ్మా బాపూ వచ్చారు. అందరూ పోయాక ఇది రాస్తున్నాను.

ఒక్క మాట అడుగుతాను, చెప్పాలనిపిస్తేనే చెప్పు. ముక్కలు అతికించినట్టు ఎక్కడా అనిపించలేదు. ఒక్క ఊపిరిలో, నిదానంగా, గుమ్మం దగ్గర ఆగి చెప్పినట్టు చెప్పాడు. అంత బాగా ఎట్లా కలిపావే? కాక తర్వాత రెండు మూడుసార్లు "ఉన్నవా జమాలూ" అని పిలిచి చూశాడట. ఏమీ పలకలేదట.

నీ
జైనబ్


హైదరాబాద్,
20 నవంబరు 2010

జైనూ,

బక్రీదుకు ఫోను చేయలేదు, ఏ ముఖం పెట్టుకుని చేయను? నువ్వు జల్దీ అన్నావు, నేనింకా ఏమీ పంపలేకపోయాను. డబ్బాలన్నీ ఎట్లా ఉన్నవి అట్లాగే ఉన్నాయి. గట్టి భాషలో రాయడం అయిపోయింది, ఆగింది ఆ ఒక్క మాట దగ్గరే.

నువ్వు పంపిన సీడీ ముందుపెట్టుకుని వాడి గొంతును ముక్కలు ముక్కలుగా కోస్తున్నాను. "పోయొస్త"లోంచి "పో" దొరికింది. "ఉన్న"లోంచి "న్న" దొరికింది. మధ్యలో "తు" లేదు. వాడు చెప్పిన మాటల్లో ఎక్కడా "తు" లేదు జైనూ. "స్త"ను కోసి అతికిస్తే ఎవరో నత్తిగా మాట్లాడినట్టుంది, అది వింటే అమ్మి గుండె ఆగుతుంది. మా దగ్గర పనిచేసే స్తెఫను గొంతు కొంచెం వాడిలాగే ఉంటుందని ఆ ఒక్క అక్షరం అతనితో చెప్పించి చూశాను. విన్న క్షణమే వేరేవాడని తెలిసిపోతోంది. చెరిపేశాను.

నిన్న మధ్యాహ్నం మా బాపు డబ్బా నుంచి "ఉన్న" రాలేదు, ఆ మూట కూడా రాలేదు. ఇవాళా అంతే. బ్యాటరీ అయిపోయినట్టుంది, సోమవారం బాపుకు చెప్పి మార్పిస్తాను. అమ్మి కంగారుపడుతుందేమో, ఏదో ఒకటి సర్దిచెప్పు.

మీ ఇంట్లో పెళ్ళి క్యాసెట్లు గానీ, ఎవరి ఫోనులోనైనా వాడి మాటలు గానీ ఉన్నాయేమో వెతుకు. ఎక్కడో ఒకచోట "తు" అని ఉంటాడు. అది దొరికితే ఒక్క రోజులో పని ముగిస్తాను. అందాకా అమ్మిని ఎట్లాగైనా ఓర్చుకొమ్మను.

నీ
నిరోష